గేమ్ బాయ్‌లో పులి–మేక: 32 కిలోబైట్లలో పటం పరిచిన పని డైరీ

1989 నాటి గేమ్ బాయ్ (నింటెండోవారి చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్) మీద మన పులి–మేక ఆట ఆడించడానికి చేసిన పని ఇది. కొన్ని ఊళ్ళలో దీన్నే పులిజూదం అంటారు. ఇదే దారిలో వెళ్ళేవాళ్ళకు నాలాగా గంటలు వృథా కాకూడదని రాస్తున్నాను. కోడ్ మొత్తం ఇక్కడ లేదు. ఎక్కడ చెడింది, ఎంత కొలిచాను, ఏం మార్చాను, ఎందుకు మార్చాను అన్నవి ఉన్నాయి.

ముందుగా యంత్రం లెక్కలు. పని పొడుగునా మళ్ళీ మళ్ళీ వీటి దగ్గరికే వచ్చాను.

- తెర: 160×144 పిక్సెళ్ళు, 4 షేడ్లు
- ప్రాసెసర్: 8 బిట్లు, 4.19 మెగాహెర్ట్జ్. గుణకారం, భాగహారం చేసే ఇన్‌స్ట్రక్షన్లు లేవు
- పని మెమరీ 8 కిలోబైట్లు, వీడియో మెమరీ 8 కిలోబైట్లు
- స్ప్రైట్లు (తెర మీద ఎక్కడికైనా జరపగలిగే చిన్న బొమ్మలు): మొత్తం 40, తెర మీది ఒక్కో అడ్డ లైనులో 10 మాత్రమే
- బ్యాక్‌గ్రౌండ్: 8×8 పిక్సెళ్ళ టైల్స్‌తో (చదరపు బొమ్మ ముక్కలతో) పేర్చాలి, ఒకేసారి 256 వేర్వేరు టైల్స్ వరకు
- సెకనుకు సుమారు 59.7 ఫ్రేములు. ఒక ఫ్రేముకు 17,556 మెషిన్ సైకిళ్ళు (ప్రాసెసర్ పని కాలానికి ఇది కొలత; కింద "సైకిల్" అన్నచోటల్లా ఇదే)
- బ్యాంకులు మార్చే చిప్ (ఎక్కువ మెమరీని వంతులవారీగా చూపేది) లేని కార్ట్రిడ్జ్: 32,768 బైట్లు

ఆ చివరిది నేను కావాలని పెట్టుకున్న హద్దు. ఈ కన్సోల్‌ను ఇంటింటికీ చేర్చిన టెట్రిస్ కూడా చిప్ లేని 32 కిలోబైట్ల కార్ట్రిడ్జే. ఒక పటం, పద్దెనిమిది కాయలు ఉన్న ఆటకు అంతకంటే ఎక్కువ అడగకూడదనిపించింది.

వాడినవి: కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ఆర్‌జీబీడీఎస్ అసెంబ్లర్, తప్పులు వెతకడానికి ఎమ్యులీషియస్, సరిచూసుకోవడానికి సేమ్‌బాయ్ (రెండూ కంప్యూటర్ మీద గేమ్ బాయ్‌ను అనుకరించే ఎమ్యులేటర్లు), బొమ్మలకు జింప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న అసలు గేమ్ బాయ్, మళ్ళీ మళ్ళీ రాసుకోగలిగే ఫ్లాష్ కార్ట్రిడ్జ్, గ్రాఫ్ పేపర్ పుస్తకం. అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ గ్రాఫ్ పేపరే.

1వ దశ: పటం

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో. శిఖరంలో 1 బిందువు, దాని కింద మూడు అడ్డ వరుసల్లో ఆరేసి చొప్పున 18, అడుగున 4. మొత్తం 23. పులులు 3, మేకలు 15. మా ఇంట్లో ఒక పులిని శిఖరం మీద, రెండింటిని దాని కింది వరుస నడిమధ్యలో పెడతాం. మేకలను ఒక్కొక్కటిగా దించుతాం. పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే పులి ఆ మేకను తిన్నట్టు. ఆరు మేకలు పోతే మేకలవాళ్ళు ఓడినట్టు. మూడు పులులూ కదలలేకపోతే పులులవాళ్ళు ఓడినట్టు. ఆ "ఆరు" అన్న లెక్క ఊరూరికీ మారుతుంది.

నాయనమ్మ ఈ పటాన్ని అరుగు మీద సుద్దముక్కతో నాలుగు గీతల్లో గీసేసేది. నాకు గ్రాఫ్ పేపర్ మీద మూడు సాయంత్రాలు పట్టింది. కారణం 8×8 టైల్.

కాయ 16×16 పిక్సెళ్ళు ఉండాలని ముందే అనుకున్నాను. అంతకంటే చిన్నదైతే పులికీ మేకకూ తేడా తెలియదు. కాయను రెండు టైల్స్ వెడల్పు, రెండు టైల్స్ ఎత్తులో పెట్టాలంటే ప్రతి బిందువూ టైల్ అంచు మీదే పడాలి, అంటే 8 గుణిజాల్లో. తెర మధ్య నుంచి అంచుకు 80 పిక్సెళ్ళే ఉన్నాయి. బయటి ఏటవాలు గీతను మొదటి వరుసలో 24 దూరంలో మొదలుపెడితే తరువాత 48, 72, 96 అవుతుంది. మూడో వరుసలో అది చివరి నిలువు గీత మీద పడుతుంది, అడుగు వరుసలో తెర దాటిపోతుంది. లోపలి గీతలను ఇంకా దగ్గరికి జరుపుదామంటే కాయ మీద కాయ ఎక్కుతుంది.

చివరికి కుదిరిన దూరాలు (మధ్య నుంచి రెండు వైపులా, పిక్సెళ్ళలో):

1. మొదటి వరుస: 8, 24, 72
2. రెండో వరుస: 16, 40, 72
3. మూడో వరుస: 24, 56, 72
4. అడుగు వరుస: 32, 72

వరుసకూ వరుసకూ మధ్య 24 పిక్సెళ్ళు. లోపలి రెండు గీతలు తిన్నగా వచ్చాయి. బయటి రెండు శిఖరం దగ్గర కాస్త వంగాయి. ఆ వంపు మొదట్లో నా కంటికి ముల్లులా గుచ్చుకుంది. చివరికి ఉంచేశాను, ఎందుకంటే ఆడేవాళ్ళు చూసేది బిందువులనే. మొదటి వరుసలో కాయలు ఒకదాన్నొకటి తాకుతున్నాయని కాయ బొమ్మను 14 పిక్సెళ్ళ గుండ్రానికి తగ్గించాను.

తరువాత పట్టికలు. ఈ పటంలో ఏ బిందువుకూ నాలుగు కంటే ఎక్కువ పొరుగు బిందువులు లేవు. శిఖరానికి కూడా నాలుగే. గుణకారం రాని ప్రాసెసర్‌కు ఇది వరం. బిందువు నంబరును నాలుగుతో గుణించడమంటే దాన్ని రెండుసార్లు తనకు తానే కూడుకోవడమే. పొరుగు పట్టిక 23×4 = 92 బైట్లు, దూకే పట్టిక ఇంకో 92. దారి లేనిచోట 255 పెట్టాను.

ఇక్కడ ఒక తప్పు దొరికింది. చేత్తో నింపిన పట్టికను నమ్మకండి, లెక్కతో సరిచూడండి:

1. పటంలో గీత ముక్కలు: అడ్డం 18, ఏటవాలు 16, నిలువు 4. మొత్తం 38. రెండు దిక్కులా కలిపి పొరుగు పట్టికలో 76 నిండాలి, 16 ఖాళీగా ఉండాలి.
2. దూకే దారులు: అడ్డం 14, ఏటవాలు 12, నిలువు 2. మొత్తం 28. రెండు దిక్కులా 56 నిండాలి.

నా దూకే పట్టికలో 54 వచ్చాయి. రెండు చివరి నిలువు గీతల్లో కింది నుంచి పైకి దూకడం మరిచిపోయాను. ఈ లెక్క వేయకపోతే ఆ తప్పు ఎన్ని ఆటల తరువాత బయటపడేదో!

మొత్తం: కోడ్ 1,410 + పట్టికలు 230 (బిందువుల స్థానాలతో కలిపి) + గీతల టైల్స్ 41 (656 బైట్లు) = 2,296 బైట్లు. 14 గంటలు.

2వ దశ: మాయమైన మేక

కాయలన్నిటినీ స్ప్రైట్లుగా పెట్టాను. లెక్క అందంగా కుదిరింది. 8×16 స్ప్రైట్లు రెండు కలిస్తే ఒక కాయ. 18 కాయలకు 36, కర్సర్‌కు 2. మొత్తం 38. ఉన్నవి 40. ఇక సమస్య లేదనుకుని ముందుకు వెళ్ళాను. ఈ ప్రాజెక్టులో ఎక్కువ నష్టం చేసింది ఆ నమ్మకమే.

మా పెదనాన్నకు ల్యాప్‌టాప్ మీద చూపించాను. ఈ ఆటలో ఆయనను ఓడించినవాళ్ళు మా ఇంట్లో లేరు. రెండో వరుస నిండా మేకలు దించారు.

"ఒరేయ్, ఆరు పెట్టాను, అయిదే కనపడుతున్నాయి. ఒకదాన్ని పులి తినేసిందా?"

"లేదు పెదనాన్నా, అక్కడే ఉంది. కనపడటం లేదంతే."

"కనపడని మేకను కాపాడుకునేది ఎలారా?"

ఆరు కాయలంటే ఒక లైనులో 12 స్ప్రైట్లు. ఈ యంత్రం ఒక లైనుకు పదే గీస్తుంది. గమనించాల్సిన సంగతి ఒకటుంది: మాయమయ్యేది కుడి చివర ఉన్న కాయ కాదు, స్ప్రైట్ల జాబితాలో వెనక ఉన్న కాయ. అందుకే నా పరీక్షల్లో ఒక్కోసారి వరుస మధ్యలోనే ఖాళీ వచ్చింది. నా కోడ్‌లోనే ఏదో తప్పుందని రెండు సాయంత్రాలు వెతికాను. అదే వరుస మీదికి కర్సర్ వస్తే ఇంకో కాయ పోయేది.

ప్రయత్నాలు:

1. వంతులవారీగా చూపడం. ప్రతి ఫ్రేములో జాబితా క్రమాన్ని తిప్పితే ఏ కాయా పూర్తిగా మాయం కాదు, మిణుకుమంటుంది. లైనుకు ఎనిమిదే స్ప్రైట్లు గీయగల ఎన్‌ఈఎస్ కన్సోల్ ఆటల్లో మనం చూసిన మిణుకు ఇదే. పరుగెత్తే శత్రువులకు అది సరిపోతుంది. కదలకుండా కూర్చోవాల్సిన మేక మిణుకుమంటే ఇప్పుడో ఇంకాసేపటికో చచ్చిపోయేలా కనిపిస్తుంది. వదిలేశాను.
2. కాయను 8 పిక్సెళ్ళకు తగ్గించడం. గీసి చూశాను. పెదనాన్న కళ్ళద్దాలు పెట్టుకుని కూడా పులిని మేక అన్నారు. వదిలేశాను.
3. కాయలను బ్యాక్‌గ్రౌండ్‌లోకి మార్చడం. స్ప్రైట్లు కర్సర్‌కూ, కదులుతున్న ఒక్క కాయకూ మాత్రమే. ఎంత కదిలినా ఒక వేళకు 4 స్ప్రైట్లే.

మూడోదే నిలిచింది. ఆ క్షణం నుంచి ఆలోచించే తీరే మారిపోయింది. ఆటలో ఏది పటం, ఏది కాయ అన్నది ఆట నియమాల్లో ఉన్నట్టు కాదు. ఈ కన్సోల్ దృష్టిలో కూర్చున్న కాయ పటంలో భాగం, లేచిన కాయ మాత్రమే కాయ. ఈ విభజన మొదటి రోజే తెలిసి ఉంటే సగం కోడ్ తిరగరాయాల్సి వచ్చేది కాదు.

మొత్తం: బొమ్మలు 192 + కోడ్ 620 కలిసి 3,108 బైట్లు. 23 గంటలు.

3వ దశ: బ్యాక్‌గ్రౌండ్‌లో కాయలు, అసలు కన్సోల్ మీద చీలిన పులి

కాయ కింద గీతలు ఉంటాయి. ఒక్కో బిందువు దగ్గర గీతలు ఒక్కో తీరుగా కలుస్తాయి. ఖాళీ, పులి, మేక అని ప్రతి బిందువుకూ మూడు బొమ్మలు ముందే గీసి పెట్టుకుంటే 23×4×3 = 276 టైల్స్. హద్దు 256. గీతల టైల్స్, అక్షరాలు ఇంకా కలపనే లేదు.

అందుకని ఆట నడుస్తుండగానే అతికించే పద్ధతికి వచ్చాను:

1. ఖాళీ బిందువు బొమ్మను (4 టైల్స్, 64 బైట్లు) కార్ట్రిడ్జ్ నుంచి తీసుకోవాలి.
2. గుండ్రని మాస్క్‌తో మధ్యభాగం చెరపాలి. పులికీ మేకకూ ఒకే మాస్క్, 32 బైట్లు.
3. కాయ బొమ్మను దాని మీద కలపాలి.
4. ఫలితాన్ని పని మెమరీలో ఒక బఫర్‌లో (తాత్కాలిక చోటులో) ఉంచి, వీడియో మెమరీలోకి కాపీ చేయాలి.

ఇలా బిందువులకు 92 టైల్స్ చాలు. గీతలతో కలిపి 133.

అప్పటిదాకా వాడుతున్న ఒక పాత ఎమ్యులేటర్‌లో చక్కగా ఆడింది. ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌లో రాసి అసలు కన్సోల్‌లో పెట్టాను. తెర మీద లోగో దిగింది, అక్కడే ఆగింది.

ఆన్ చేయగానే నడిచే 256 బైట్ల లోపలి ప్రోగ్రాం కార్ట్రిడ్జ్‌లోని 48 బైట్ల లోగోను తన దగ్గరున్న లోగోతో పోలుస్తుంది, తరువాత హెడర్ (కార్ట్రిడ్జ్ వివరాలుండే భాగం) చెక్‌సమ్, అంటే సరిచూసే మొత్తం, చూస్తుంది. ఏది తప్పినా ముందుకు కదలదు. నా ఎమ్యులేటర్ ఆ తనిఖీని దాటేసి నేరుగా ఆట మొదలుపెడుతోంది. బిల్డ్ (కోడ్‌ను కార్ట్రిడ్జ్ ఫైలుగా మార్చే పని) చివర, హెడర్‌ను సరిచేసే ఆర్‌జీబీఫిక్స్ నడపడం మరిచిపోయాను. ఒక్క కమాండ్, రెండు గంటలు. ముందు కార్ట్రిడ్జ్ కాంటాక్టులు తుడుస్తూ కూర్చున్నాను.

ఆట మొదలైంది. పటం మీద నేను పెట్టని మేకలు మూడు కనిపించాయి. ఆన్ చేసినప్పుడు అసలు మెమరీలో చెత్త విలువలు ఉంటాయి, ఆ ఎమ్యులేటర్ సున్నాలతో మొదలుపెడుతోంది. మొదటి పనిగా మెమరీ అంతా తుడిచే ఆరు లైన్ల కోడ్ చేర్చాను.

తరువాత అసలు సమస్య. పులి మేకను తిన్నప్పుడల్లా తెర మీద సగం పులి, సగం గీత. పై సగం సరిగ్గా ఉంది, కింద పాత బొమ్మ.

తెర గీసే చిప్ ఒక లైనును గీస్తున్నంతసేపూ వీడియో మెమరీ దాని సొత్తు. ఆ సమయంలో ప్రాసెసర్ రాసింది ఎక్కడికీ పోదు, వృథా అవుతుంది. తప్పు జరిగిందని యంత్రం చెప్పదు కూడా. నిశ్చింతగా రాయగలిగేది 144 లైన్లు గీయడం అయిపోయి మళ్ళీ పైకి వెళ్ళే విరామంలో, అంటే వీబ్లాంక్‌లో. అది 10 లైన్ల కాలం, లైనుకు 114 సైకిళ్ళ చొప్పున 1,140 సైకిళ్ళు.

నా కాపీ లూప్ బైటుకు 10 సైకిళ్ళు తీసుకుంటోంది: చదవడం 2, రాయడం 2, చిరునామా పెంచడం 2, లెక్క తగ్గించడం 1, వెనక్కి దూకడం 3. ఒక పులి ఒక మేకను తింటే మూడు బిందువులు మారతాయి: బయలుదేరినది, తిన్నది, చేరినది. 192 బైట్లు, 1,920 సైకిళ్ళు. ఉన్నది 1,140. అందులోనూ స్ప్రైట్ల జాబితా పంపడానికి 160, ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వీబ్లాంక్ పనికి పిలిచే సంకేతం) రాకపోకలకు ఇంకొంత, కలిపి దాదాపు 190 ముందే పోతాయి.

కొలిచే పద్ధతి సులువు. కాపీ ముగియగానే చిప్ ఏ లైనులో ఉందో చెప్పే రిజిస్టర్‌ను (యంత్రంలో ఒక్క విలువ ఉండే గూడును) చదివి ఒక బైటులో దాచండి. వీబ్లాంక్ 144లో మొదలై 153లో ముగుస్తుంది. నా కొలతలు:

1. పాత లూప్, 1 బిందువు: 151లో ముగిసింది. సరే.
2. పాత లూప్, 3 బిందువులు: వీబ్లాంక్ దాటి తరువాతి ఫ్రేము గీస్తుండగా ముగిసింది. చీలిన పులి ఇక్కడిదే.
3. లూప్ తీసేసి 64 సార్లు వరుసగా రాసిన కోడ్, బఫర్‌ను 256 గుణిజం చిరునామాలో ఉంచి చిరునామాలోని కింది బైటు మాత్రమే పెంచడం: బైటుకు 5 సైకిళ్ళు. 1 బిందువు 148లో ముగిసింది.
4. అదే కోడ్, 2 బిందువులు: 151.
5. అదే కోడ్, 3 బిందువులు: 960 + 190 = 1,150. పది సైకిళ్ళ తేడాతో పట్టలేదు.

ఆ పది సైకిళ్ళ కోసం ఒక ఆదివారమంతా కూర్చున్నాను. ఇంటరప్ట్ రొటీన్‌లో అక్కడో పుష్, ఇక్కడో పాప్ (విలువలను దాచే, తిరిగి తీసే ఇన్‌స్ట్రక్షన్లు) తీసేసి చూశాను. కుదిరినా ఒక్కో బిల్డ్‌లో మళ్ళీ దాటేది. అంత అంచు మీద ఆటను నిలబెట్టడం మంచిది కాదని వదిలేశాను. ఇప్పుడు ఒక క్యూ ఉంది. ఫ్రేముకు రెండు బిందువుల వరకే మారతాయి. పులి లేచిన చోటు, దిగిన చోటు ముందు మారతాయి. తిన్న మేక ఆ తరువాత పోతుంది. ఎలాగూ ఆలస్యం ఉంది కదా అని దాన్ని 20 ఫ్రేములకు పెంచాను. పులి దిగుతుంది, ఒక్క క్షణం మేక అలాగే ఉంటుంది, అప్పుడు పోతుంది. చేత్తో ఆడేటప్పుడూ అంతే: పులిని దించాకే మేకను పటం మీంచి తీస్తాం.

1978లో స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరగడం కూడా యంత్రం నుంచే వచ్చింది. గీయాల్సిన బొమ్మలు తగ్గితే ప్రాసెసర్‌కు పని తగ్గింది, మిగిలినవి త్వరగా కదిలాయి. దాన్ని సరిదిద్దకుండా ఆటలో ఉంచేశారు. ఆ సంగతి ఎప్పుడో చదివాను గానీ, 20 ఫ్రేముల మేక దగ్గరే నాకు నిజంగా అర్థమైంది.

ఇక ఎమ్యులేటర్ మార్చాను. రోజువారీ పనికి ఎమ్యులీషియస్, ప్రతి సాయంత్రం చివర సేమ్‌బాయ్, వారానికోసారి అసలు కన్సోల్. ఆన్ చేసినప్పటి తనిఖీని కూడా నడిపించే ఎమ్యులేటర్‌తోనే మొదలుపెట్టండి.

మొత్తం: బిందువుల టైల్స్ 1,472 + మాస్క్ 32 + అతికించే కోడ్ 388 + పరిచిన కాపీ కోడ్ 192 కలిసి 5,192 బైట్లు. 54 గంటలు.

4వ దశ: తెలుగు అక్షరాలు

ఇంగ్లిష్ అక్షరం 8×8 టైల్‌లో హాయిగా కూర్చుంటుంది. ఈ కన్సోల్‌లో అక్షరాలు చూపే పద్ధతులన్నీ ఆ కొలత చుట్టూనే అల్లుకున్నవి. మన "క్కి"ని అందులో కూర్చోబెట్టి చూడండి. గుడికి చోటు కావాలి, అక్షరానికి కావాలి, కింద వత్తుకు కావాలి. గ్రాఫ్ పేపర్ మీద 8 ఎత్తులో "మేక" వచ్చింది, "చిక్కింది" దగ్గర ఆగిపోయింది. వత్తు ఏదో మరకలా ఉంది.

16 ఎత్తు తీసుకున్నాను. పంచుకున్న తీరు: పైన గుణింతపు గుర్తులకు 3, మధ్యలో అక్షరానికి 8, కింద వత్తుకు 5. ఇందులో ఒక వత్తు పడుతుంది. వత్తు కింద వత్తు పట్టదు. అందుకని సందేశాల్లో అలాంటి మాటలు రాకుండా వాక్యాలు మార్చుకున్నాను. చిన్న మాటలు వాడాల్సి రావడంతో వాక్యాలు బాగుపడ్డాయి కూడా. మొదట "పులికి కదలడానికి అవకాశం లేదు" అని రాసుకున్నది చివరికి "పులి చిక్కింది" అయింది. మా ఇంట్లో అనేదీ అదే.

ఎలా దాచాలన్నదానికి మూడు దారులు తూచాను. సందేశాలు 38, ఒక్కొక్కటి తెర వెడల్పున ఒక వరుస.

1. అక్షరాల పెట్టె. ఈ 38 సందేశాల్లో వేర్వేరు అక్షర రూపాలు 71. ఒక్కోటి 16×16, ఒక బిట్ లోతులో (పిక్సెల్‌కు ఒక బిట్, రెండు షేడ్లే) 32 బైట్లు. మొత్తం 2,272. చాలా చవక. కానీ అన్నిటికీ ఒకే వెడల్పు పెడితే "ర" పక్కన గుంత, "మీ" పక్కన ఇరుకు. ఒక్కో అక్షరానికి ఒక్కో వెడల్పు పెట్టి బిట్లు జరుపుతూ అతికించవచ్చు. పెద్ద కథ ఉన్న ఆటకు అదే సరైన దారి.
2. వాక్యాలను బొమ్మలుగా, రెండు బిట్లలో. వాక్యానికి 40 టైల్స్, 640 బైట్లు. 38 కలిపి 24,320. మిగతా వాటితో 29,512 అవుతుంది. ధ్వనికీ కేబుల్‌కూ మొదటి తెర బొమ్మకూ కలిపి చోటు చాలదు.
3. వాక్యాలను బొమ్మలుగా, ఒక బిట్‌లో. 320×38 = 12,160. రాసేటప్పుడు ప్రతి బైటునూ రెండుసార్లు రాస్తే నలుపు–తెలుపు అక్షరం వస్తుంది.

మూడోది ఎంచుకున్నాను. చోటు ఉంది, అక్షరం అందంగా రావాలన్నది నా పట్టుదల. 38 వాక్యాలూ చేత్తో, పిక్సెల్ పిక్సెల్‌గా పెట్టాను. కంప్యూటర్ ఫాంట్‌ను 16 ఎత్తుకు కుదించి చూస్తే "మ" కొమ్మూ "య" కొమ్మూ కలిసిపోతున్నాయి. మన అక్షరాల వంపులు ఆ సైజులో ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టుకోవాలో చదివే కంటికే తెలుసు.

సందేశం తెర అడుగున విండో పొరలో (బ్యాక్‌గ్రౌండ్ మీద పరిచే ఇంకో పొరలో) వస్తుంది. ఇక్కడ చిన్న తప్పు: విండోను ఎడమ అంచుకు పెట్టాలంటే రిజిస్టర్‌లో 0 కాదు, 7 రాయాలి. 0 రాసినందుకు ప్రతి వాక్యంలో మొదటి అక్షరం తెగింది. "పులి"లో పొట్ట పోయింది.

ఒక వాక్యానికి 640 బైట్లు వీడియో మెమరీలోకి వెళ్ళాలి. ఫ్రేముకు 64 చొప్పున 10 ఫ్రేములు, సెకనులో ఆరో వంతు. మొదట పై వరుస టైల్స్ అన్నీ, తరువాత కింది వరుస పంపాను. తలలు ముందు, వత్తులు తరువాత వచ్చాయి, చదవడానికి ఇబ్బందిగా ఉంది. నిలువుగా, ఎడమ నుంచి కుడికి పంపేలా క్రమం మార్చాను. ఇప్పుడు ఎవరో చకచకా రాస్తున్నట్టు వాక్యం తెరుచుకుంటుంది. దానికోసం విడిగా ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు.

తెర గురించి ఒక మాట. ఈ కన్సోల్ తెరలో పిక్సెల్ నెమ్మదిగా మారుతుంది. కర్సర్‌ను 4 ఫ్రేములకోసారి వెలిగించి ఆర్పితే బూడిదరంగు మరకలా నిలిచిపోయింది. 16 ఫ్రేములకు మార్చాక కర్సర్‌లా కనిపించింది. లేత షేడ్లు రెండింటికీ ఎండలో తేడా తెలియదు. అందుకే పులి పూర్తి నలుపు, మేక నల్ల అంచుతో తెలుపు, గీతలు ముదురు బూడిద.

మొత్తం: 12,160 + కోడ్ 210 కలిసి 17,562 బైట్లు. టైల్స్ 173/256. 80 గంటలు.

5వ దశ: ధ్వని, ఒంటరిగా ఆడటం

ఇవి త్వరగా అయిపోయాయి. కాయ దిగే చప్పుడు నాయిస్ ఛానల్‌లో (హోరు పుట్టించేది), పులి దూకే చప్పుడు ఒక పల్స్ ఛానల్‌లో (స్వరం పుట్టించేది). 900 బైట్లు. పులుల తరఫున కన్సోల్ ఆడే కోడ్ 1,140 బైట్లు: తినగలిగితే తింటుంది, లేకపోతే ఎక్కువ ఖాళీలు ఉన్న వైపు కదులుతుంది. పెదనాన్న మూడు ఆటల్లో దాని ఎత్తు పట్టేశారు. అయినా పిల్లలకు సరిపోతుంది.

మొత్తం: 19,602 బైట్లు. 87 గంటలు.

6వ దశ: లింక్ కేబుల్

ఈ ఆట ఎదురెదురుగా కూర్చుని ఆడేది. ఈ కన్సోల్ పక్కన, రెండు కన్సోళ్ళను కలిపే లింక్ కేబుల్ కోసం ఉన్న ఆ చిన్న సాకెట్ లేకపోతే పని మొదలుపెట్టేవాణ్ణే కాదు. రెండో కన్సోల్‌ను స్నేహితుడి దగ్గర అరువు తెచ్చాను.

కేబుల్ సెకనుకు 8,192 బిట్లు పంపుతుంది, అంటే బైటుకు ఒక మిల్లీసెకను. ఒక ఎత్తుకు మూడు బైట్లు: ఎక్కడి నుంచి, ఎక్కడికి, సరిచూసే మొత్తం. వేగం సమస్యే కాదు. సమస్య ఎవరు గడియారం (బిట్లు ఎప్పుడు కదలాలో చెప్పే సంకేతం) తిప్పాలన్నది. ఒక కన్సోల్ గడియారం ఇస్తేనే బైట్లు కదులుతాయి. రెండోది కాచుకుని ఉంటుంది, తనంతట తాను ఏమీ పంపలేదు.

చెడిన తీరు, మార్చిన తీరు:

1. ఇద్దరూ ఒకేసారి స్టార్ట్ నొక్కితే ఇద్దరూ గడియారం ఇస్తారు, ఇద్దరికీ చెత్త వస్తుంది. ఇప్పుడు మొదటి పలకరింపు తప్పితే ఇద్దరూ వెనక్కి తగ్గి, నిరంతరం తిరిగే డివైడర్ రిజిస్టర్ విలువను బట్టి వేర్వేరు సమయం ఆగి మళ్ళీ ప్రయత్నిస్తారు.
2. కేబుల్ ఊడితే గడియారం ఇచ్చేవాడికి 255 వస్తుంది. నా బిందువుల నంబర్లు 0 నుంచి 22. కాబట్టి 255 వస్తే "తీగ చూసుకోండి" అన్న సందేశం. కేబుల్ మీద పంపే బైట్లలో 255కు ఏ అర్థమూ ఇవ్వకండి.
3. జవాబు సిద్ధం కాకముందే అడిగితే పాత బైటే మళ్ళీ వస్తుంది. ఒకే ఎత్తు రెండుసార్లు ఆడినట్టయింది. ప్రతి బైటుకూ మధ్య రెండు ఫ్రేములు ఆగుతున్నాను.
4. కాచుకునేవాడి వంతు వస్తే వాడు పంపలేడు. అందుకని గడియారం ఉన్నవాడే పదే పదే 240 పంపి అడుగుతాడు. అవతల ఇంకా ఆలోచిస్తుంటే 241 వస్తుంది, ఎత్తు సిద్ధమైతే బిందువు నంబరు వస్తుంది.

ఈ నాలుగూ సర్దాక వరుసగా 200 ఎత్తులు ఆడాం. పటాలు రెండూ ఒక్కసారి కూడా తేడా రాలేదు.

మొత్తం: కోడ్ 834 కలిసి 20,436 బైట్లు. 99 గంటలు.

ఇప్పటి స్థితి

మొదటి తెర బొమ్మ చివర్లో చేర్చాను. పూర్తి తెరకు 20×18 = 360 టైల్స్ కావాలి, ఒకేసారి దొరికేవి 256. అరుగు, సుద్దగీతలు, చింతపిక్కలు మాత్రం ఉంచి, మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలతో 148కి తెచ్చాను. అమరికతో కలిపి 2,728 బైట్లు.

మొత్తం 23,164 బైట్లు. మిగిలినవి 9,604.

మిగిలిన లోపం ఒకటి. లింక్ ఆటలో గడియారం ఇచ్చే కన్సోల్‌ను మధ్యలో ఆపేస్తే అవతలిది ఎప్పటికీ కాచుకునే ఉంటుంది. 255 వచ్చేది గడియారం ఇచ్చేవాడికే, కాచుకునేవాడికి ఏమీ రాదు. ఫ్రేములు లెక్కపెట్టి, 300 దాటితే సందేశం చూపేలా రాస్తున్నాను. పలకరింపు ఆగకుండా రావాలంటే గడియారం ఉన్నవాడు తన వంతులో ఆలోచిస్తున్నప్పుడు కూడా 240 పంపుతూ ఉండాలి. ఆ మార్పు ఈ వారం పని.